హాస్య నాటికకు ఏకపాత్రాభినయం పరీక్ష ఎందుకు?

గత ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో ఒక నాటక సమాజం వారు హాస్య నాటికకు కొత్త నటులను ఎంపిక చేస్తున్నారని తెలిసి వెళ్లి వచ్చాను. వేషం దక్కని కడుపుమంటతో రాస్తున్నాడని అనుకునేవారికి ముందే చెబుతున్నాను, వేషం దక్కింది. అది ఎంత వేషమో తర్వాత చెబుతాను. నా గొడవ వేషం గురించి కాదు, ఎంపిక చేసిన పద్ధతి గురించి. ఒక్కో మనిషిని గదిలోకి పిలిచి, బల్లకు ఎదురుగా నిలబెట్టి, "ఏదీ, మమ్మల్ని నవ్వించండి చూద్దాం" అని అడగడం హాస్యానికి పెట్టే పరీక్ష కాదని, అది వేరే విద్యకు పెట్టే పరీక్ష అని నా అభిప్రాయం.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజున, ఊరంతా తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకొంటుంటే నేను టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్కల్లో మునిగి ఉంటాను. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాకే నాకు ఊపిరి ఆడుతుంది. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవం మన గుంటూరులోనే, శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగినప్పుడు పని ముగించుకుని వెళ్లి వీలైనన్ని ప్రదర్శనలు చూశాను. ఆ రోజుల నుంచే ఒక్కసారి స్టేజీ ఎక్కాలన్న కోరిక మనసులో ఉంది. అందులోనూ ఏడిపించే నాటికలో కాదు, నవ్వించే నాటికలో. తల్లిదండ్రులను పిల్లలు వదిలేసే కథలు నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. వాటిలో నేను కూడా ఏడిస్తే లోకానికి కొత్తగా ఒరిగేదేమీ లేదు.

మేడ మీద హాలు. బయట వరండాలో రెండు బల్లలు, వాటి మీద పట్టినంతమంది, పట్టనివాళ్లు మెట్ల మీద. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు, రిటైరైన మాస్టారొకరు, టిఫిన్ సెంటర్ నడిపే ఒకావిడ. నా పక్కన హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక సన్నటి మనిషి. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట టెస్టర్ ఉంది. గంట గడిచాక కరెంటు పోయింది. నిర్వాహకుల్లో ఒకరు చెమటలు కక్కుతూ బయటికి వచ్చి, వీధిలో అందరికీ ఉందనీ, ఈ హాలుకే పోయిందనీ చెప్పి, "ఇక్కడ ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగారు. వరండాలో ఉన్న కళ్లన్నీ ఒక్కసారి ఆ టెస్టర్ మీద పడ్డాయి. ఆయన తొందరపడలేదు. అందరి ముఖాలూ వరసగా చూశాడు. అరచెయ్యి మెల్లగా తెచ్చి జేబు మీద కప్పుకుని, "ఇవాళ నేను ఆర్టిస్టునండీ" అన్నాడు.

ఆ నవ్వు కింద వీధిలోకి వినపడి ఉంటుంది. అడిగిన నిర్వాహకుడు కూడా తలుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఆ టెస్టర్ మనిషే లేచి వెళ్లి ఫ్యూజు సరిచేసి వచ్చాడు.

అరగంటకు ఆయన వంతు వచ్చింది. ఉక్కకు తలుపు తెరిచే ఉంచారు కాబట్టి లోపల జరిగేది మాకంతా కనపడుతోంది. ఆయన చేతులు రెండూ నడుము మీద పెట్టుకుని పౌరాణిక సంభాషణ ఒకటి అందుకున్నాడు. గొంతు ఆయనది కాదు, ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది. మధ్యలోనే ఆపించి, "కామెడీ ఏమైనా వచ్చా?" అని అడిగారు. ఒక సినిమా హాస్యనటుడిని అనుకరించాడు. ఎవరూ నవ్వలేదు. "సరేనండీ, కబురు చేస్తాం" అన్నారు. ముప్పై నిమిషాల ముందు ఒక్క అరచేతితో, మూడు మాటలతో వరండా మొత్తాన్ని నవ్వించిన మనిషి అదే నేల మీద నిలబడి చల్లారిపోయాడు. అప్పుడు ఆయన ఎదుట ప్రశ్న అడిగిన మనిషి ఉన్నాడు, ఆ టెస్టర్ వైపు చూసిన కళ్లు ఉన్నాయి. ఇప్పుడు ఖాళీ ఉంది, బల్లకు అవతల పెన్నులు పట్టుకున్న ఇద్దరు ఉన్నారు.

మన బళ్లలో ఏకపాత్రాభినయం పోటీలు పెట్టి పెట్టి, నటన అంటే ఒంటరిగా నిలబడి ఊగిపోవడమేనన్న అభిప్రాయాన్ని పిల్లల్లో పాతుకుపోయేలా చేశాం. ఏకపాత్రాభినయం గొప్ప విద్యే, కాదనను. అయితే అందులో ఎదుటి మనిషిని కూడా నటుడే ఊహించుకుంటాడు. ఆ ఊహించుకున్న మనిషి ఎప్పుడూ నటుడికి కావలసిన క్షణంలోనే కావలసిన మాట అంటాడు, ఆలస్యం చెయ్యడు, తడబడడు, అడ్డం తిరగడు. హాస్య నాటికలో ఎదుటివాడు ఈ నాలుగూ చేస్తాడు. చేస్తేనే నవ్వు పుడుతుంది.

దీనికి నిదర్శనం కోసం మన జిల్లా దాటి వెళ్లనక్కరలేదు. బుర్రకథ పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ గారు పొన్నెకల్లు మనిషి. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు, ఉంటారు, ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. ఆ హాస్య వంతను పక్కకు పిలిచి, కథకుడు లేకుండా నవ్వించమంటే ఏం చేస్తాడు? కథకుడు ఆవేశంతో పైకి తీసుకెళ్లిన కథకు అడ్డుపడి, తెలిసీ తెలియని ప్రశ్న ఒకటి వేసి కిందికి దించడమే ఆయన పని. ఎత్తినవాడు లేకపోతే దించేవాడికి పని లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడి పక్కన బంగారక్కను పెట్టిన పల్లెటూరి కళాకారులకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఆ రోజు వచ్చినవాళ్లలో ముగ్గురు గిరీశం వేషమే కట్టారు. 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ వారు దాదాపు కొత్తగా తిరగరాసిన కన్యాశుల్కాన్ని ఇవాళ్టికీ కుర్రాళ్లు పట్టుకుంటున్నారంటే సంతోషమే. నాటకం గిరీశం స్వగతంతోనే మొదలవుతుంది, అదీ నిజమే. కానీ గిరీశం మనకు నచ్చడం మొదలయ్యేది శిష్యుడు వెంకటేశం వచ్చాకే. ఆ అబ్బాయి నోరు తెరుచుకుని నమ్మినకొద్దీ ఇతని కోతలు పెరుగుతాయి. మధ్యలో వాడు అమాయకంగా ఒక మాట అంటే ఇతను సర్దుకోవలసి వస్తుంది. వెంకటేశం లేని గిరీశం ఉత్త వాగుడుకాయ. ఆ ముగ్గురు కుర్రాళ్లూ అలాగే కనిపించారు, తప్పు వాళ్లది కాదు.

ముఖాలు చూసి వేషాలు పంచే జబ్బు గురించి ఒక్క మాట. లావుగా ఉన్న కుర్రాడితో "నువ్వేం చెప్పక్కర్లేదు, అటూ ఇటూ నడువు చాలు" అన్నారు. ఇంకొకరిని నత్తి పెట్టి మాట్లాడమన్నారు. టిఫిన్ సెంటర్ ఆవిడకు గయ్యాళి అత్త మాటలు తప్ప మరేమీ ఇవ్వలేదు. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ గారు నందమూరి తారక రామారావుకు నాగమ్మ వేషం ఇస్తే, ఆయన మీసం తీయనని పట్టుబట్టి "మీసాల నాగమ్మ" అనిపించుకున్న కథ మనందరికీ తెలిసిందే. అక్కడ నవ్వు ముఖంలో లేదు, వేషానికీ మీసానికీ కుదరకపోవడంలో ఉంది. లావు, బట్టతల, నత్తి చూసి ఎంచుకునే పెద్దలు ఈ తేడా ఒక్కసారి ఆలోచించాలి.

ఇక నా వంతు. నాకు రెండు కాగితాలు ఇచ్చారు. ఇంటి యజమాని మూడు నెలల అద్దె బకాయి అడగడానికి వచ్చి, అద్దెకున్నవాడు ఇచ్చిన కాఫీ తాగి, చివరికి తానే ఐదు వందలు చేబదులు ఇచ్చి వెళ్లే సన్నివేశం. రాత బాగుంది. నేను యజమానిని. అద్దెకున్నవాడి మాటలు ప్రాంప్టర్ కుర్రాడు చదువుతాడన్నారు. ఆ అబ్బాయి కాగితం మీద నుంచి తల ఎత్తకుండా, రైల్వే స్టేషన్‌లో బళ్ల వేళలు చెప్పినట్టు చదువుతున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. బ్రాకెట్లలో రాసిన సూచనలను కూడా మాటలతో కలిపి చదివేస్తున్నాడు. అద్దెకున్నవాడు తల గోక్కోవాలని రచయిత రాసుకున్న సూచననూ, ఆ తర్వాతి మాటనూ ఏకం చేసి, "తల గోక్కుంటూ రండి బాబాయిగారూ, కూర్చోండి" అన్నాడు.

యజమానిని కదా, పిలిచినట్టే వెళ్లాలి. నేను తల గోక్కుంటూ వెళ్లి కూర్చున్నాను.

వరండాలో వాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ అబ్బాయి మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు, అతనికి ఇంకా అర్థం కాలేదు, ఆ అయోమయపు ముఖం చూసి నవ్వు రెట్టింపైంది. ఆ పది సెకన్లలో గదిలో నిజమైన హాస్య నాటిక నడిచిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. బల్లకు అవతల ఉన్న పెద్దాయన మాత్రం కళ్లజోడు సవరించుకుని, "పోర్షన్‌లో లేనిది చెయ్యకండి" అన్నారు. చివర్లో, "మీ ముఖంలో కామెడీ పలకడం లేదండీ, సీరియస్ ఫేస్" అని తీర్పు కూడా ఇచ్చారు. ఆయన వయసుకూ అనుభవానికీ నమస్కారం పెట్టి వచ్చాను. కానీ అద్దె అడగడానికి వచ్చిన యజమాని ముఖం సీరియస్‌గా కాక ఇంకెలా ఉంటుంది? ఆయన నవ్వుతూ వస్తే ప్రేక్షకుడు ఎందుకు నవ్వాలి?

యార్డులో సరుకు కొనేవాడు టిక్కీ పైన కనిపించే కాయ చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి పెట్టి మచ్చు తీస్తాడు. రంగు కోసమైతే బ్యాడిగి రకం కొంటాడు, ఘాటు కోసమైతే తేజ రకం కొంటాడు. తేజ కావాలని వచ్చి బ్యాడిగి రంగు లేదని వెనక్కి తిప్పేవాడిని మా కొట్టులో ఇంతవరకు చూడలేదు. హాస్య నాటికకు మచ్చు తీయాలంటే ఇద్దరిని కలిపి నిలబెట్టాలి. కాగితాలు ఇచ్చి పది నిమిషాలు వరండాలో చదువుకోనివ్వాలి, సన్నివేశం ఒకసారి ఆడించాలి, తర్వాత పాత్రలు తారుమారు చేసి మళ్లీ ఆడించాలి. చూసేవాళ్లు మాట్లాడే మనిషిని కాక వింటున్న మనిషిని చూడాలి. తన వంతు మాట కోసం కాచుకుని ఉన్నాడా, లేక ఎదుటివాడు అన్నది నిజంగా చెవిన పడిందా అన్నది ఆ ముఖంలో తెలిసిపోతుంది.

అంత తీరిక ఎక్కడుందని అడుగుతారని తెలుసు. హాలు అద్దె, టీ ఖర్చు, ఆదివారం సెలవు, అన్నీ కార్యదర్శి జేబులోంచే పోతాయి. ఆ కష్టం నాకు తెలియనిది కాదు. లెక్కలు రాసేవాడిగా ఒకటే చెబుతాను, ఒక్కొక్కరిని పది నిమిషాలు చూడడం కన్నా ఇద్దరిద్దరిని పదిహేను నిమిషాలు చూస్తే మొత్తం మీద సమయం మిగులుతుందే తప్ప తగ్గదు. అసలు చిక్కు గడియారంలో లేదు, అలవాటులో ఉంది. పరిషత్తు పోటీల్లో ఉత్తమ హాస్యనటుడికి బహుమతి ఉంది, ఆ హాస్యనటుడి మాటకు సరిగ్గా సగం క్షణం ఆగి ముఖం చిట్లించిన మనిషికి ఏమీ లేదు. అందుకే అందరూ మొదటివాడి కోసమే వెతుకుతారు. పైగా స్త్రీ పాత్రలకు బయటి ఊళ్ల నుంచి వృత్తి నటీమణులను పిలిపించి, చివరి రెండు మూడు రిహార్సల్స్‌లో కలిపే అలవాటు ఒకటి ఉంది. వాళ్ల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. ఒక రాత్రికి ఒక ఊరు చొప్పున తిరుగుతూ అంత నిలకడగా నటించడం మాటలు కాదు. కానీ భార్యాభర్తల గిల్లికజ్జాలు రెండు రిహార్సల్స్‌లో కుదరవు, ఇంట్లోనే కుదరడానికి మాకు పదేళ్లు పట్టింది.

మంగళవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. నాకు పోస్ట్‌మ్యాన్ వేషం ఇచ్చారు. ఒకటే మాట, "ఉత్తరం". ఎలక్ట్రీషియన్ గారి సంగతి ఏమైందని అడిగితే, ఆయన్ను లైటింగ్ చూసుకోమన్నామని చెప్పారు. కాసేపు నాకు మాట రాలేదు. వేషం ఒప్పుకున్నాను, సోమవారం నుంచి రిహార్సల్స్. ఫోన్ పెట్టేసే ముందు, ఆ ఉత్తరం నా చేతిలోంచి అందుకునేది ఎవరని అడిగాను. అది ఇంకా అనుకోలేదన్నారు.