మూడో నార్మల్ ఫారంలో మెస్సు బిల్లు

ఇంజినీరింగ్‌లో డేటాబేస్ ల్యాబ్ చేసిన వారిని కదిపి చూడండి. సొంత పెదనాన్న జీతం ఎంతో తెలియకపోవచ్చు గానీ స్మిత్ జీతం ఠక్కున చెబుతారు. ఎనిమిది వందలు. ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటు తరతరాలుగా వస్తున్న ఎంప్ అనే నమూనా పట్టికలో పద్నాలుగు మంది ఉద్యోగులుంటారు. 1980 డిసెంబర్ 17న గుమాస్తాగా చేరిన స్మిత్ వారందరిలోకీ చిన్న జీతగాడు. ప్రతి బ్యాచ్ వారూ ల్యాబ్‌లో అతనికి పది శాతం పెంచుతారు, ఫలితాన్ని అబ్జర్వేషన్ పుస్తకంలోకి ఎక్కిస్తారు, మేడమ్ సంతకం పడగానే రోల్‌బ్యాక్ కొట్టి మళ్లీ ఎనిమిది వందలకు దించేస్తారు. ఏ కార్మిక సంఘమూ పట్టించుకోని అన్యాయం ఇది. అదే కంపెనీకి బోస్టన్‌లో ఆపరేషన్స్ అనే విభాగం ఒకటి ఉంది. అందులో పురుగైనా లేదు. రెండు పట్టికలు కలిపేటప్పుడు జోడీ దొరకని వరుసను కూడా చూపించే ఔటర్ జాయిన్ అంటే ఏమిటో మాకు చూపించడానికే ఆ ఆఫీసుకు అద్దె కడుతున్నారని మా నమ్మకం. లాగిన్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్, టైగర్ అంటే వాళ్లింటి పిల్లి. సెమిస్టర్ పొడుగునా ఆ పిల్లిని పేరు పెట్టి పిలిస్తే గానీ మాకు ల్యాబ్ తలుపు తెరుచుకునేది కాదు.

ఎవరో తెలియని స్మిత్ లెక్కలు మనకెందుకు, మన లెక్కలే చేసుకుందాం అన్నాడు మా గదిలో ఉండే మెస్సు సెక్రటరీ. హాస్టల్ మెస్సును డేటాబేస్‌లోకి ఎక్కిస్తే ల్యాబ్ ప్రాజెక్టు పని తీరిపోతుంది, నెలాఖరు బిల్లుల గొడవా తీరిపోతుంది. అప్పటిదాకా లెక్కలన్నీ వంట మాస్టర్ దగ్గర ఎర్ర అట్ట పద్దు పుస్తకంలో ఉండేవి. ఆ పుస్తకానికి సగం పేజీలు పసుపు, సగం నూనె.

"ఈ కాలంలో కూడా పుస్తకమేమిటి మాస్టర్! ఇక నుంచి అంతా కంప్యూటర్‌లోనే" అన్నాడు సెక్రటరీ.

"మీ కంప్యూటర్‌లో మీరు రాసుకోండి బాబూ, నా పుస్తకంలో నేను రాసుకుంటాను" అన్నారు మాస్టర్, గరిటె ఆపకుండా.

ఇక్కడ మావాడి పట్టుదల గురించి రెండు మాటలు చెప్పాలి. 1970 జూన్‌లో ఐబీఎం వారి శాన్ హోసే ప్రయోగశాల నుంచి ఎడ్గర్ కాడ్ డేటాబేస్‌ల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అంతవరకు ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు దారి వెతుక్కుంటూ వెళ్లడం ప్రోగ్రామర్ బాధ్యత. కాడ్ గారు ఆ బాధ్యత యంత్రానికి అప్పగించి, వాడేవారికి పట్టికలు కనిపిస్తే చాలన్నారు. 1981లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మావాడు ఆయన ఫొటో సంపాదించి గదిలో హనుమంతుడి పటం పక్కన అంటించాడు. తర్వాత జరిగిన వాటిలో ఆ ఇద్దరికీ ప్రమేయం లేదు.

మొదటి చిక్కు ప్రైమరీ కీ, అంటే ఏ ఇద్దరికీ ఒకటే కాకుండా ఒక్కో వరుసను గుర్తుపట్టే గడి, దగ్గరే వచ్చింది. విద్యార్థి పేరే కీ అన్నాడు మావాడు. తెలుగు హాస్టల్‌లో పేరు కీ అవుతుందనుకోవడం అమాయకత్వానికి పరాకాష్ఠ. మా అంతస్తులోనే సాయికిరణ్‌లు ముగ్గురు. రెండో సాయికిరణ్‌ను ఎక్కించబోగానే ఒరాకిల్ తన తప్పుల జాబితాలోని మొట్టమొదటి నంబరు, ఓఆర్ఏ 00001, మొహాన కొట్టింది. ఈ విలువ ఇప్పటికే ఉంది, కుదరదు పొమ్మంది. మావాడు వెనక్కి తగ్గకుండా 'పొడుగు సాయికిరణ్', 'కళ్లజోడు సాయికిరణ్', 'ఉత్త సాయికిరణ్' అని ఎక్కించాడు. వారం తిరగకుండా ఉత్త సాయికిరణ్ కూడా కళ్లజోడు కొన్నాడు. మేడమ్ ఆ పట్టిక చూసి, కాసేపు నుదురు రుద్దుకుని, "రోల్ నంబరు అని ఒకటి ఇచ్చాం కదా బాబూ, అదేం పాపం చేసింది?" అని అడిగారు.

రెండోది నార్మలైజేషన్, అంటే ఒక సంగతి ఒక్కచోటే ఉండేలా పట్టికలను విడగొట్టడం. మావాడి పట్టికలో ఒక్కో వరుసలో రోల్ నంబరు, పేరు, గది, తిన్న వంటకం, దాని ధర, అన్నీ కలగాపులగంగా ఉండేవి. గుడ్డు ధర పెరిగిన రోజున సగం వరుసల్లో కొత్త ధర పడింది, సగం పాత ధరతోనే మిగిలాయి. ఉత్తరపు వైపు గదుల వారికి గుడ్డు చవక. చేపల వేపుడు తినేవాడు ఒకే ఒక్కడు ఉండేవాడు. అతను హాస్టల్ ఖాళీ చేశాడని అతని వరుసలు తీసేస్తే చేపల వేపుడు ధర కూడా అతనితో పాటే వెళ్లిపోయింది. కొత్తగా పన్నీరు కూర పెడదామంటే, ఎవరో ఒకరు తినేదాకా దాని ధర రాయడానికి చోటు లేదు. ధర తెలియనిదే ఎవరూ తినరు. పాఠ్యపుస్తకంలో అప్‌డేట్, డిలీట్, ఇన్సర్ట్ అనామలీలు, అంటే మార్చినా, తీసేసినా, చేర్చినా వచ్చే చిక్కులు, అంటూ మూడు పేజీలు బట్టీ పట్టి ఒక్క ముక్క అర్థం కానివాళ్లకు కూడా మెస్సు వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడితే మొత్తం బోధపడింది.

మావాడు పౌరుషంగా నార్మలైజేషన్‌లో మూడో మెట్టయిన మూడో నార్మల్ ఫారం దాకా వెళ్లాడు. విద్యార్థులొక పట్టిక, గదులొకటి, వంటకాలొకటి, ధరలొకటి, తిన్నవి ఇంకొకటి. చూడముచ్చటగా ఉంది. కాకపోతే ఒక మనిషి ఒక పూట ఏం తిన్నాడో తెలుసుకోవాలంటే అయిదు పట్టికలు కలపాలి. అది రాయడానికి పట్టే సమయంలో ఆ మనిషి ఇంకో పూట కూడా తినేసేవాడు. చివరికి విసిగిపోయి అన్నిటినీ తీసేసి బిల్లు అనే ఒకే పట్టిక పెట్టుకున్నాడు. రోల్ నంబరు, పేరు, భోజనం, అదనం. దీన్ని డీనార్మలైజేషన్ అంటారని, పెద్ద పెద్ద కంపెనీలు కూడా చేస్తాయని గంభీరంగా చెప్పాడు. బద్ధకానికి ఇంత గౌరవప్రదమైన పేరు పెట్టిన శాస్త్రం ఇంకొకటి లేదు.

నెలాఖరు వచ్చింది. మెస్సు కుర్రాడు దాచి ఉంచిన అదనపు చీటీలు, అంటే ఆదివారం కోడికూర, గుడ్లు, పెరుగు కప్పుల చీటీలు, మావాడు ఒక రాత్రంతా కూర్చుని కూడి, ఎవరి మొత్తం వారి గడిలో నింపాడు. ఏ అదనమూ తినని వారి గడి ఖాళీగా వదిలేశాడు. అంతా కంప్యూటర్‌లోకి వచ్చేసిందని చీటీలు చించి పారేశాడు. తిండిపోతులు సిగ్గుపడేలా పెద్ద బిల్లు పైన, చిన్న బిల్లు కింద వచ్చేటట్టు వరుస పెట్టి ముద్రించి నోటీసు బోర్డుకు అంటించాడు.

జాబితాలో పైనున్న వారంతా శుద్ధ శాకాహారులు. వారి పేర్లకు ఎదురుగా మొత్తం గడి ఖాళీ.

నల్ అనే ప్రాణి సంగతి క్లాసులో చెప్పారు. సున్నా అంటే తినలేదని తెలుసు, నల్ అంటే తిన్నాడో లేదో మనకు తెలియదు అని. తెలియనిదానికి ఎంత కూడినా తెలియనిదే అవుతుంది. కాబట్టి భోజనం ఖర్చుకు నల్ కలిపితే మొత్తం నల్. పైగా ఒరాకిల్ దృష్టిలో తెలియనిది అన్నిటికంటే పెద్దది. అవరోహణ క్రమంలో అడిగితే దాన్నే పల్లకీ ఎక్కించి ముందు నిలబెడుతుంది. ల్యాబ్‌లో స్మిత్ జీతానికి కమిషన్ కలిపినప్పుడు కూడా ఖాళీయే వచ్చింది. ఆ పద్నాలుగు మందిలో కమిషన్ గడి నిండినది నలుగురికే. మిగతా పదిమంది సంపాదన గల్లంతైనా మాకు చీమ కుట్టినట్టయినా లేదు. మెస్సు బిల్లు గల్లంతైతే మాత్రం హాస్టల్ హాస్టలంతా నోటీసు బోర్డు దగ్గరే ఉంది. శాకాహారులు ఈ నెల ఉచితమని మిఠాయి తెప్పించుకున్నారు. మాంసాహారులు ఇది మత వివక్ష అన్నారు.

మావాడు ల్యాబ్‌కు పరుగెత్తాడు. నల్ ఉన్నచోట సున్నా అనుకోమని చెప్పే ఎన్‌వీఎల్ అనే చిన్న ఫంక్షన్ వాడి ఉంటే పని నిమిషంలో అయిపోయేది. ఖాళీ గడుల్లో సున్నా పెడతానన్నాడు. అదనం గడి సున్నా చెయ్యి అన్నాడు, సెమీకోలన్ పెట్టాడు. ఏ గడులు ఖాళీగా ఉన్నాయో ఆ గడులే అని చెప్పే వేర్ షరతు వెనక నుంచి చూస్తున్న మా నోట్లో ఉండగానే ఎంటర్ నొక్కాడు. 312 వరుసలు మారాయని తెర మీద వచ్చింది. హాస్టల్‌లో మొత్తం ఉన్నదే 312 మంది.

అప్పుడు కూడా ఏమీ మించిపోలేదు. రోల్‌బ్యాక్ అని ఒక్క మాట టైపు చేస్తే అంతా మునుపటిలా వచ్చేది. కానీ మావాడికి చెమటలు పట్టాయి. కమిట్ కొట్టనిదే ఏదీ శాశ్వతం కాదన్న మేడమ్ మాట ఒక్కటే గుర్తుంది. కమిట్ కొట్టలేదు కదా, మర్యాదగా బయటికి వెళ్లిపోతే అంతా అదే సర్దుకుంటుందని ఎగ్జిట్ అని టైపు చేశాడు. మేం ఆదేశాలు టైపు చేసే ఎస్‌క్యూఎల్ ప్లస్ అనే ప్రోగ్రామ్‌కు ఒక అలవాటు ఉంది. మర్యాదగా సెలవు తీసుకునే వారి పనినంతా కమిట్ చేసి మరీ సాగనంపుతుంది. అదే ఆ క్షణాన కరెంటు పోయి యంత్రం చచ్చి ఉంటే, కమిట్ కాని మార్పులన్నీ చెరిగిపోయి మావాడు బతికిపోయేవాడు. రోజూ ఆరున్నరకు ఠంచనుగా పోయే కరెంటు ఆ సాయంత్రం రాత్రి దాకా దీపావళిలా వెలిగింది.

రెండో జాబితాలో ఎవరికీ అదనం లేదు. మాంసాహారులు మిఠాయి తెప్పించారు. మాది డివైడింగ్ పద్ధతి కావడంతో, వసూలు కాని కోళ్ల ఖర్చంతా 312తో భాగించి అందరి తలా వేశారు. నెలంతా పప్పుచారుతో గడిపిన శాకాహారులు ఏ కోడికి డబ్బు కట్టాలో చూపించమని సెక్రటరీ గది ముందు బైఠాయించారు. గోడ మీద హనుమంతుడి పటం ఉంది, కాడ్ గారి ఫొటో మాత్రం లేదు.

విషయం మేడమ్ దాకా వెళ్లింది. ఆవిడ మెస్సుకు వచ్చి, మాస్టర్ పుస్తకం అడిగి తీసుకుని, నూనె అంటని అంచు పట్టుకుని తిరగేశారు. ప్రతి పద్దుకూ తేదీ, పూట, రోల్ నంబరు. తప్పు పడినచోట చెరపడం లేదు, ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ రాయడం. పద్దు పుస్తకంలో పడనిదే గుడ్డు పళ్లెంలో పడకూడదన్నది మాస్టర్ నియమం. "మూడు వారాలుగా మీకు చెబుతున్న రైట్ అహెడ్ లాగింగ్ ఇదే" అన్నారు మేడమ్. మార్పు డేటాలోకి వెళ్లే ముందే చిట్టాలోకి వెళ్లాలి, అప్పుడే కూలిపోయాక కూడా తిరిగి నిలబెట్టగలం అని అక్కడే బల్ల మీద ఉప్పు పోసి వేలితో గీసి చూపించారు. ట్రాన్సాక్షన్ల మీద, అంటే మొత్తం జరగాలి లేదా అసలు జరగకూడదు అనే మార్పుల మీద, చేసిన కృషికి జిమ్ గ్రే అనే శాస్త్రవేత్తకు 1998 ట్యూరింగ్ పురస్కారం వచ్చిందని కూడా చెప్పారు. మాస్టర్ శ్రద్ధగా విని, ఆ ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేశారు.

ఆ రాత్రి ఒకరు పుస్తకం చదువుతుంటే ఒకరు టైపు చేస్తూ ఒకటో తేదీ నుంచి రికవరీ మొదలుపెట్టాం. అయిదో తేదీ దగ్గర చదివేవాడు ఆగి, గొంతు సవరించుకుని, మా సెక్రటరీ రోల్ నంబరు చదివాడు. డబుల్ ఆమ్లెట్, రాత్రి పదకొండున్నర. ఆరో తేదీన మళ్లీ అదే. ఏడున ఆమ్లెట్‌తో పాటు నెయ్యి దోసె. మెస్సు మూసేశాక చీటీ రాసే కుర్రాడు ఉండడు కాబట్టి ఇవేవీ ఇంతకుముందు కంప్యూటర్ మొహం చూడలేదు.

"అర్ధరాత్రివి కూడా రాశారేమిటి మాస్టర్?" అన్నాడు మావాడు నీరసంగా.

"తిన్నారు కదా బాబూ" అన్నారాయన.

మూడో జాబితా మర్నాడు బోర్డు మీదికి వచ్చింది. ఖాళీ గడి ఒక్కటీ లేదు. తిండిపోతులు సిగ్గుపడాలని సెక్రటరీ రాసిన అవరోహణ క్రమం మాత్రం ఎవరూ మార్చలేదు. మొట్టమొదటి పేరు ఆయనదే.