కొత్త విడిభాగాన్ని బిగించే ముందే పరీక్షించాలి

కారులో పాడైన భాగం మీద జరిగే పరిశోధనలో పదో వంతు కూడా దాని స్థానంలో వచ్చే కొత్త భాగం మీద జరగదు. పాతదాన్ని ఊపి చూస్తారు, తిప్పి చూస్తారు, మీటరు పెట్టి కొలుస్తారు. కొత్తదాన్ని మాత్రం పెట్టె చింపి నేరుగా బిగించేస్తారు. కొత్తది కనుక బాగానే ఉంటుందన్న ఈ నమ్మకానికి పెట్టె మీది పేరు, దాని కింద ముద్రించిన విడిభాగం నంబరు తప్ప వేరే ఆధారం ఉండదు. మరమ్మతుల్లో వృథా అయ్యే శ్రమలో చెప్పుకోదగ్గ వాటా ఈ నమ్మకం నుంచే పుడుతోందన్నది నా అభిప్రాయం.

నంబరు కలిసినంత మాత్రాన వస్తువు సరైనదని చెప్పలేమనడానికి జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారాన్ని మించిన ఉదాహరణ లేదు. తాళంచెవి తిప్పే చోట ఉండే ఆ స్విచ్‌లో పట్టు చాలక, కుదుపుకో తాళాల గుత్తి బరువుకో తాళం దానంతట అదే తిరిగిపోయి, నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగిపోయేది. ఆ స్థితిలో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 2006లో స్విచ్ డిజైన్‌ను మార్చారు గానీ విడిభాగం నంబరును మార్చలేదు. దాంతో లోపమున్నదీ, సరిచేసినదీ ఒకే నంబరుతో చలామణి అయ్యాయి. 2014లో రీకాల్, అంటే లోపమున్న కార్లను సరిచేయడానికి వెనక్కి పిలవడం, మొదలయ్యాక, లోపమున్న స్విచ్‌లు సుమారు 95 వేలు డీలర్లకూ టోకు వ్యాపారులకూ వెళ్లాయని, వాటిలో దాదాపు 90 వేలు పాత కార్ల మరమ్మతులకు వాడేశారని సంస్థే తెలిపింది. మిగిలినవి ఏ కార్లలో చేరాయో తేల్చడం సాధ్యం కాక, ఫ్యాక్టరీ నుంచి మంచి స్విచ్‌తోనే వచ్చిన తర్వాతి సంవత్సరాల కార్లను కూడా వెనక్కి పిలవాల్సి వచ్చింది.

అంత దూరం పోని మామూలు లోపాలు కూడా బిగించాక ఎందుకు ఖరీదవుతాయో గమనించాలి. భాగం మార్చాక కూడా సమస్య అలాగే ఉంటే, మెకానిక్ ఆలోచన ఆ భాగాన్ని వదిలేసి మిగతావాటి మీదకు వెళుతుంది. ‘అది ఇప్పుడే మార్చాం కదా’ అన్న ఒక్క మాటతో అసలు దోషి అనుమానితుల జాబితాలోంచి తప్పుకుంటుంది. కొత్త సెన్సార్ పని చేయకపోతే వైరింగ్ విప్పుతారు, ఆ తర్వాత కంట్రోల్ యూనిట్‌ను అనుమానిస్తారు. ఒక చిన్న భాగంలోని లోపం కోసం మూడు మంచి భాగాలు మారిపోవడం గ్యారేజీల్లో అరుదేమీ కాదు.

కొన్ని లోపాలు వెంటనే బయటపడకపోవడం దీన్ని మరింత జటిలం చేస్తుంది. బ్రేక్ డిస్క్ తిరిగేటప్పుడు పక్కకు ఊగడానికి చాలా కార్లలో అనుమతించే హద్దు 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, అంటే మామూలు కాగితం మందంలో దాదాపు సగం. అంతకు మించి ఊగే డిస్క్ బిగించిన రోజున బ్రేకులు సాఫీగానే పడతాయి. అయితే బ్రేకు తొక్కనప్పుడు కూడా డిస్క్‌లోని ఎత్తు భాగం ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌కు రాసుకుని కొద్దికొద్దిగా అరిగి, మందంలో తేడా వస్తుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది, అప్పటికి ఆ మరమ్మతు సంగతే ఎవరికీ గుర్తుండదు. సన్నని ఊపును కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్క్‌ను ఒక్క చుట్టు తిప్పితే మొదటి రోజే తెలిసిపోయే విషయమిది. తప్పు ప్రతిసారీ డిస్క్‌దే కానక్కర లేదు. డిస్క్‌ను బిగించే చక్రం మధ్య భాగమైన హబ్ మీద మిగిలిన తుప్పు పొర కూడా అదే ఊపు తెస్తుంది. తుప్పు గీకి మళ్లీ కొలిస్తే, నేరం కొత్త భాగానిదో పాత హబ్‌దో తేలిపోతుంది.

పరీక్షల్లో చాలావాటికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పొడవు, పళ్ల సంఖ్య, కనెక్టర్ పిన్నులు పోల్చడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. పాతదాన్ని ముందే చెత్తలో పారేసే అలవాటు ఈ అవకాశాన్నే పోగొడుతుంది. వాటర్ పంప్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే గరగర ఉందో లేదో వేళ్లకే తెలుస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ప్రవాహాన్ని నియంత్రించే థర్మోస్టాట్‌ను గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి వేడి చేస్తే, దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర, అంటే చాలావాటిలో 82 లేదా 88 డిగ్రీల సెల్సియస్ వద్ద, వాల్వ్ కదలడం కనిపించాలి. చల్లగా ఉన్నప్పుడే తెరుచుకుని ఉన్నదీ, నీళ్లు మరుగుతున్నా కదలనిదీ తిరిగి దుకాణానికే పోవాలి.

చక్రాల బేరింగుల విషయంలో ఈ జాగ్రత్తకు ఇంకా ఎక్కువ విలువ ఉంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ సెన్సార్ చదివే అయస్కాంత వలయం ఇప్పుడు చాలా బేరింగుల్లో ఒక వైపు సీలులోనే ఇమిడి ఉంటుంది, కంటికి రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి ప్రెస్ చేస్తే సెన్సార్‌కు సంకేతం అందదు, ఏబీఎస్ దీపం వెలుగుతుంది. అలా బిగించిన బేరింగ్‌ను బయటికి లాగడంలోనే అది పాడైపోవడం మామూలు. సన్నని గుండుసూదిని సీలు దగ్గరికి తెస్తే అయస్కాంతమున్న వైపు ఏదో, అసలు ఆ వలయం ఉందో లేదో తేలిపోతుంది.

వీటన్నిటితోనూ ప్రతి లోపం దొరుకుతుందని కాదు. బేరింగ్ ఉక్కు గట్టిదనాన్నీ, బ్రేక్ ప్యాడ్ మిశ్రమం నాణ్యతనూ బల్ల మీద తేల్చలేం. ఎయిర్‌బ్యాగ్‌నైతే పేల్చకుండా పరీక్షించే దారే లేదు, మామూలు మల్టీమీటర్ పెట్టి చూడబోవడం కూడా ప్రమాదకరం. 2012లో అమెరికా రహదారి భద్రతా సంస్థ నకిలీ ఎయిర్‌బ్యాగుల గురించి హెచ్చరించినప్పుడు, అవి చూడటానికి అసలువాటిలాగే ఉన్నాయి. పరీక్షల్లో కొన్ని సరిగా తెరుచుకోలేదు, కొన్ని లోహపు ముక్కలను వెదజల్లాయి. ఇలాంటి వాటికి కంటిచూపు చాలదు. ఎక్కడి నుంచి వచ్చిందో రుజువుండే సరఫరాదారు దగ్గర కొనడమొక్కటే రక్షణ, అక్కడ చౌక ధరను అనుమానించడమే వివేకం.

ఇంత పరీక్షకు తీరిక ఎక్కడిదన్న మెకానిక్‌ల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. రోజుకు ఇన్ని కార్లని లెక్క కట్టే చోట పది నిమిషాలు కూడా భారమే. అయితే అన్నిటినీ ఒకే తూకంతో చూడనక్కర లేదు. ఎయిర్ ఫిల్టర్‌కు ఒక చూపు చాలు. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, టైమింగ్ బెల్ట్‌తో తిరిగే భాగాలు మాత్రం వేరు: విఫలమైతే ప్రాణమో ఇంజినో పోతుంది, మళ్లీ విప్పాలంటే సగం రోజు పడుతుంది.

ఈ పది నిమిషాల ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు చిక్కు. లోపమున్న భాగానికి బదులు మరొకటి ఇచ్చే వారంటీ, దాన్ని విప్పి బిగించిన శ్రమకు చాలా సందర్భాల్లో వర్తించదు. ఆ నష్టం గ్యారేజీదో యజమానిదో అవుతుంది, అమ్మినవారిది కాదు. పైగా బిగించిన గుర్తులు పడ్డ వస్తువును వెనక్కి తీసుకోవడానికి దుకాణాలు మొరాయిస్తాయి. అందుకే పరీక్షకు పట్టే సమయాన్ని బిల్లులో విడిగా చూపించి, భాగం నంబరుతో పాటు బ్యాచ్ నంబరును కూడా అదే బిల్లులో రాయడం న్యాయం. రేపు రీకాల్ వస్తే ఆ బ్యాచ్ ఏ కారులో ఉందో వెతుక్కోవడానికి గ్యారేజీకి ఆ బిల్లే ఆధారమవుతుంది.