ప్రభ దాటే క్షణం ఒక్కటే సరిపోతుందా?

అమలాపురంలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫరు బోర్డు మీద తన పేరు పక్కన ఏఎఫ్ఐఏపీ అని రాయించుకుంటే, ముహూర్తం పెట్టుకుని వచ్చినవాళ్లు అదేదో డిగ్రీ అనుకుంటారు. నిజానికది ఫియాప్ అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఇచ్చే గౌరవం. సమాఖ్య గుర్తించిన పోటీలకు, అంటే సలోన్లకు, ఫొటోలు పంపుతూ పలు దేశాల్లో నిర్ణీత సంఖ్యలో ఎంపికలు కూడబెట్టుకోవాలి. 1934లో పుట్టిన ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికాదీ దాదాపు ఇదే లెక్క.

ఈ లెక్కతో నాకు పేచీ ఉంది. మేలు లేదనను. సీజనంతా ఒకే తీరున ఫ్లాష్ కొట్టే చేతికి, తీసిన ఐదు వందల్లోంచి నాలుగు ఏరడం పెద్ద చదువే. చుట్టాల మెచ్చుకోలు అక్కడ పనిచేయదు కూడా.

కానీ వందల ఫొటోలు చూసే న్యాయనిర్ణేత ఒక్కోదాని మీద నిలిచేది కొన్ని క్షణాలే. అంత తక్కువలో కంటికి పట్టేది ఇదివరకు ఎక్కడో చూసిన బొమ్మే. అందుకే పొద్దుపొడుపు వేళ గోదావరి మీద విసురువల గుండ్రంగా విచ్చుకునే ఫొటో అన్నిసార్లు పుడుతోంది. చేపలు పడే వేళతో దానికి పనిలేదు. వెలుతురు బాగుంటే చాలు, ఇంకోసారి విసరమంటారు. డబ్బు తీసుకుని విసిరినవాడిది తప్పు కాదు, కూలి కూలే. ఆ ఏర్పాటును నిత్యజీవితమని పంపడమే నాకు మింగుడుపడదు. 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ గెలిచిన తోడేలు ఫొటో, అది మచ్చిక చేసిన జంతువై ఉంటుందన్న నిర్ణయంతో 2010 జనవరిలో బహుమతి పోగొట్టుకుంది. కోరింగ మడ అడవుల్లో నీటిపిల్లి కోసం రాత్రులు కాపుకాసేవాడికి ఆ కఠినత్వం న్యాయంగానే తోస్తుంది.

బ్రిటన్‌లో 1853లో మొదలైన రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీది వేరే దారి. అదిచ్చే గౌరవాల్లో మొదటి మెట్టు లైసెన్షియేట్‌కు 10 ఫొటోలు, దానిపైదైన అసోసియేట్‌కు 15. వరుసంతా కలిపి ఒకే పనిగా చూస్తారు. అసోసియేట్‌కైతే ఏం చెప్పదలిచామో రాసి కూడా ఇవ్వాలి. రుసుము తక్కువేమీ కాదు. అయినా డెల్టా ఫొటోగ్రాఫరుకు నేను చెప్పేది ఈ దారే.

ప్రభ అంటే రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకెళ్లే ఎత్తైన వెదురు కట్టడం. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో కెమెరాలన్నీ గంగలకుర్రు ఊరి ప్రభ అప్పర్ కౌశిక నీళ్లు దాటే క్షణం కోసమే కాచుకుంటాయి. ఆ ఒక్క ఫొటో సలోన్‌కు చాలు. 15 ఫొటోల వరుసకైతే వెదుళ్లు చీల్చి ప్రభ కట్టే రోజుల దగ్గర మొదలుపెట్టాలి. మోతగాళ్ల భుజాలు, మర్నాడు విప్పిన రంగు గుడ్డలు, అన్నీ కావాలి. పైగా ప్రభ తన చేలోంచి వెళ్తే ఇక్కడి రైతు నష్టమనుకోడు, శుభమనుకుంటాడు. ఆ సంగతి తెలిసినవాడు నలిగిన వరిని వదిలేసి, గట్టు మీద చేతులు జోడించి నిలబడ్డ ఆ మనిషి వైపు కెమెరా తిప్పుతాడు.