ఒడ్డు పక్షం తీర్మానం

ముందు లెక్క చూద్దాం. వీపున గాలి ట్యాంకు కట్టుకుని సముద్రంలో మునిగే డైవింగ్ కోసం ఏడు రోజుల సెలవంటే 168 గంటలు. విమానం దిగిన రోజు నీళ్ళలోకి వెళ్ళడం కుదరదు, విమానం ఎక్కే రోజు వెళ్ళకూడదు. మిగిలిన ఐదు రోజులూ రోజుకి రెండు డైవులు, ఒక్కోటి యాభై నిమిషాలు. వెరసి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.

ఇక మునిగేవాళ్ళ సంఖ్య. మా ఆయన పూర్తి డైవర్. పదకొండేళ్ళ మా అబ్బాయి జూనియర్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు కానీ, ఆ వయసుకి 12 మీటర్ల కిందికి పోనివ్వరు కాబట్టి వాడు అర డైవర్. అమ్మాయికి ఏడేళ్ళు. ఎనిమిది నిండితే గానీ స్విమ్మింగ్ పూల్‌లో బుడగలు వదిలే పాఠం కూడా చెప్పరు. గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, నేను ఒడ్డు మనుషులం.

అంటే ఒకటిన్నర మనిషికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. దీనికోసం మా ఆయన మూడు నెలలు ఎక్సెల్ షీటు నడిపారు. నీటి వేగానికో కాలమ్, నీటి తేటదనానికో కాలమ్, ట్యాంకు సైజుకో కాలమ్. గదికి కాలమ్ లేదు. అడిగితే, "గదిదేముంది, పడుకోవడానికేగా" అన్నారు.

నిండా మునిగినవాడికి చలేమిటని పెద్దలన్నారు. నిజమే, కరీబియన్ నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. ఒడ్డున కూర్చున్నవాళ్ళకే ఏసీ చలీ, ఈగలూ, హోటల్ బిల్లూ. అందుకని ఏ ద్వీపానికి వెళ్ళాలో, ఎక్కడ ఉండాలో తేల్చడానికి ప్రజాస్వామ్యబద్ధంగా డాలస్‌లోని మా డైనింగ్ టేబుల్ దగ్గర అఖిలపక్ష సమావేశం ఏర్పాటు చేశాను.

మా ఆయన మొదట మెక్సికోలోని కొజుమెల్ ప్రవేశపెట్టారు. అక్కడ ఈదక్కర్లేదట. పలాంకార్ రీఫ్ అనే పగడాల దిబ్బ వెంబడి ప్రవాహమే మోసుకెళ్తుంది, పడవ వెనకాలే వచ్చి ఎక్కించుకుంటుంది. ఇంట్లో సోఫా మీద ఆయన అనుసరించే జీవన విధానమే. పేచీ బస దగ్గరొచ్చింది. దక్షిణాన రీఫ్‌కి దగ్గరగా హోటల్ తీసుకుంటే పడవ ప్రయాణం చిన్నదే కానీ, గేటు దాటితే ఊరంటూ ఉండదు. శాన్ మిగెల్ పట్టణంలో ఉంటే తిండీ, దుకాణాలూ, మనుషులూ ఉంటారు. క్రూయిజ్ ఓడలొచ్చిన రోజు మరీ ఎక్కువ మంది మనుషులుంటారు. కానీ పడవలో ముప్పావుగంట దాకా పోవాలి. మా ఆయన దక్షిణం అన్నారు. "దక్షిణం యముడి దిక్కురా" అన్నారు మామయ్యగారు. చర్చ ముగిసింది.

హోండురాస్‌లోని రోఅటాన్ ప్రపంచంలో రెండో పెద్ద బారియర్ రీఫ్ మీద ఉంది. ఆ రీఫ్‌ని చూసేది ఒకటిన్నర మనిషి. బీచ్‌లో కంటికి ఆనని ఇసుక ఈగలు కుట్టేది మిగతా నాలుగున్నర మందిని. మెజారిటీ నిర్ణయంతో తిరస్కరించాం.

కేమన్ దీవుల్లోని గ్రాండ్ కేమన్ గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళ డాలరు ఒక్కటి కావాలంటే అమెరికా డాలరు మీద మరో ఇరవై సెంట్లు కలిపివ్వాలి. ప్రతిదీ రూపాయల్లోకి మార్చుకునే మామయ్యగారికి రెండుసార్లు గుణించడం కష్టమైంది. పైగా అక్కడి సెవెన్ మైల్ బీచ్ కొలిస్తే ఏడు మైళ్ళు ఉండదు. షాద్‌నగర్ అవతల ప్లాటు కొని, అది 'ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలే' అన్న బ్రోచర్‌ని ఇప్పటికీ బీరువాలో దాచుకున్న మనిషి ఆయన. "వీళ్ళూ మనవాళ్ళే" అన్నారు, కొంచెం ఆప్యాయంగానే.

ఇంతలో మా ఆయన సగం ధరకే గది దొరికిందని కేకేశారు. ఆగస్టు ఆఖరు వారం. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపాన్ల కాలమనీ, సెప్టెంబర్ దగ్గరపడేకొద్దీ అది ముదురుతుందనీ, ఆ తగ్గింపు అందుకేననీ చెప్పాల్సి వచ్చింది. ఆషాఢం సేల్ అనుకున్నారు పాపం.

చివరికి బొనేర్ గెలిచింది. వెనిజులాకి దగ్గరగా, తుపాన్ల దారికి చాలావరకు పక్కగా ఉన్న ద్వీపం. 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ, ఖర్చు పెట్టేది మాత్రం అమెరికా డాలరు. అక్కడ డైవింగ్‌కి పడవే అక్కర్లేదు. రోడ్డు పక్కన డైవింగ్ చోటుకి గుర్తుగా పెట్టిన పసుపు రంగు రాయి కనిపిస్తే ట్రక్కు ఆపి, సామాను తగిలించుకుని నడుచుకుంటూ సముద్రంలోకి దిగిపోవడమే. పెద్దవాళ్ళకి ద్వీపంలో అడుగుపెట్టినందుకు 75 డాలర్ల పన్ను, సముద్రంలో అడుగుపెట్టినందుకు 40 డాలర్ల ప్రకృతి రుసుము. "కాళ్ళు కడుక్కున్నా నలభయ్యేనా?" అని మామయ్యగారు అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ సమాధానం రాలేదు.

బసకి ఒడ్డు పక్షం మూడు షరతులు పెట్టింది. వంటగది ఉండాలి. నీళ్ళలోకి మెట్లు గది కిందే ఉండాలి. తడి సామాను ఆరేసుకోవడానికి మాకు సంబంధం లేని చోటు ఉండాలి. మొదటి రెండూ దొరికాయి. మూడోది దొరక్క, మా ఆయన మునిగేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగు, వెట్‌సూట్, బాత్‌టబ్‌లో ఒలిచేసిన రాక్షసుడి చర్మంలా పడుండేది.

అద్దె ట్రక్కుకి తాళం వేయొద్దని అక్కడివాళ్ళు చెప్పారు. లోపల ఏమీ పెట్టకుండా, అద్దాలు దించి వదిలేస్తే దొంగ అద్దం పగలగొట్టడట. బస్టాండ్ దాకా వెళ్ళి, ఇంటి తాళం లాగి చూడ్డానికి వెనక్కొచ్చే మామయ్యగారికి ఆ వారం నిద్ర లేదు. మా ఆయన నీళ్ళలో ఉన్నంతసేపూ మామయ్యగారు ట్రక్కులోనే కూర్చున్నారు. ఆ విధంగా లోపల ఏదో ఉన్నట్టయింది.

నన్ను ఆశ్చర్యపరిచింది అత్తయ్యగారు. డైవింగ్ ఆవిడకి వెంటనే అర్థమైంది. మా ఆయన నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ ఎవరూ ముట్టుకోకూడదు: మడి. దిగేముందు ప్రతిసారీ ఒకే వరసలో బెల్టులూ, గాలీ సరిచూసుకోవాలి: ఆచమనం. కింద మాటల్లేవు, చేతి ముద్రలే: మౌనవ్రతం. ఆఖరి డైవ్ తర్వాత ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి 18 గంటలు విమానం ఎక్కకూడదని చెబితే, "మైలన్నమాట" అన్నారు. ఇన్నాళ్ళకి కొడుకు దారిలో పడ్డాడని సంతోషించారు.

ఒక్క చోటు మాత్రం మా ఆయన ఆవిడ దగ్గర దాచారు. వెయ్యి మెట్లు అనే డైవింగ్ చోటు. అమ్మ మోకాళ్ళు ఏమవుతాయోనని టెన్షన్. అలిపిరి నుంచి 3,550 మెట్లు రెండుసార్లు ఎక్కిన మనిషి ఆవిడ. అబ్బాయి నోరుజారాడు. ఆరో రోజు పొద్దున్నే చెప్పులు విడిచి, పైనుంచి కింది దాకా లెక్కపెట్టుకుంటూ దిగారు, మళ్ళీ లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. వెనకాల వీపు మీద ట్యాంకుతో మా ఆయన ప్రతి నాలుగు మెట్లకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

పైకొచ్చాక అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకుని, "డెబ్భై దాకా ఉన్నాయంతే. మిగతావి కాంట్రాక్టరు తినేసినట్టున్నాడు, కనుక్కో" అన్నారు.