రాలిన ఆకులు: సుఖమైన నివారణ మార్గాలు

పంచాంగం చూడనివారికి కూడా శిశిరం వచ్చిందని తెలియజేసే బాధ్యతను మన కాలనీల్లో బాదంచెట్టు స్వీకరించింది. జానెడు పొడవు ఆకులను ఎర్రగా పండించి, అప్పుడే ఊడ్చి కళ్లాపి చల్లిన వాకిట్లో ఒక్కొక్కటిగా, తాపీగా జారవిడుస్తుంది. అన్నీ ఒకేసారి రాల్చితే ఒకేసారి ఊడ్చుకుంటారన్న ఇంగితం దానికి లేదు.

ఈ ఉపద్రవాన్ని నడుం వంచకుండా ఎదుర్కొనే మార్గాలను మన గృహస్థులు ఏనాడో కనిపెట్టారు (ఊడ్చేది పనిమనిషే అయినా, ఉపాయం ఆలోచించే శ్రమ అయ్యగారిదే). వాటిలో మిక్కిలి గౌరవనీయమైనది, కొబ్బరి ఈనెల చీపురుతో ఆకులను గేటు కింది సందులోంచి నడిరోడ్డుకు నెట్టించి, తక్కిన పనిని గాలికి అప్పగించడం. గాలి ఎదురింటివైపు వీస్తే అది దైవనిర్ణయం; ఇటువైపు వీస్తే ఎదురింటివారి సంస్కారలోపం. పక్కనే మురుగుకాలువ ఉంటే మరీ శ్రేష్ఠం. తొలకరికి అది పొంగి వాకిట్లోకి వచ్చినప్పుడు మునిసిపాలిటీని తిట్టే హక్కు మనకు చెక్కుచెదరదు.

రెండవది అగ్నిమార్గం. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెత్తను వీధిలో వేయరాదనీ, ఆరుబయట కాల్చరాదనీ చెప్పాయి. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా అన్నది. అయితే పొగకు ఇంటి నంబరు ఉండదు. తెల్లవారకముందే అగ్గిపుల్ల గీసి లోపలికి వెళ్లి తలుపులు బిడాయించుకున్నవాడికి, పక్కింటి మేడమీద ఆరేసిన చీరలతోగాని, ఆ ఇంటి పెద్దాయన దగ్గుతోగాని ఏ సంబంధమూ ఉండదు.

చెట్టునే కొట్టించి శాశ్వత సుఖం పొందుదామంటే, 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ముందు అనుమతి తెచ్చుకోమంటుంది. దరఖాస్తు పట్టుకుని తిరగడంకంటే చీపురే నయం.

ఇక, ఆకులను పెరటి మూలన గుంతలో వేసి, పేడనీళ్లో పుల్లమజ్జిగో చల్లి, తడి ఆరకుండా అప్పుడప్పుడు తిరగేస్తే కొన్ని నెలల్లో నల్లటి ఎరువవుతుందని కొందరు చాదస్తులు చెబుతుంటారు. అది నిజమే కాని, ఆ పద్ధతిలో ఒక ఘోరమైన లోపమున్నది: ఎరువు ఊరకే వస్తుంది. ఊరకే వచ్చినదాన్ని మిద్దెతోటలో నలుగురికీ ఎలా చూపించుకుంటాం? అందుచేత పరువుగల గృహస్థు ఫాల్గుణంలో ఆకులు కాల్చి, ఉగాది వెళ్లగానే ఆన్‌లైన్‌లో ఆకుల కంపోస్టు సంచి తెప్పించుకుంటాడు. సంచిమీద పచ్చటి ఆకు బొమ్మ ఉన్నదో లేదో చూసుకుంటే చాలును; ధర దగ్గర గీచిగీచి బేరమాడటం ప్రకృతిప్రేమికులకు తగదు.