పుస్తకం చదివొచ్చిన నేరం

నేను రెండు బుక్ క్లబ్బుల్లో సభ్యుణ్ణి. రెండు చోట్లా నామీద ఒకటే ఫిర్యాదు: పుస్తకం చదివి వస్తానని.

నెలకో పుస్తకం, నెలాఖరున చర్చ అంటే, చదివితేనే మాట్లాడాలి కాబోలనుకునేవాణ్ణి. పసితనం. చర్చకి ప్రాణం పోసేది చదవనివారేనని ఆలస్యంగా తెలిసింది. "ఆ ఉత్తరం ఆమెకి అసలు చేరనే లేదు కదండీ" అని చదివినవాడు ఒక్క ముక్కంటే గంట వాదన చప్పున చల్లారిపోతుంది. చదవనివారికి అలాంటి ఇబ్బందులేవీ లేవు. "రచయితకి జీవితం మీదే ఏదో అలక ఉందండీ" అంటే కాదనే పుస్తకం ఇంతవరకు పుట్టలేదు.

చదవనివారంతా ఒకటేనని పొరబడకండి. వెనక అట్ట మాత్రమే చదివినవారున్నారు. సినిమా చూసొచ్చినవారున్నారు, పుస్తకంలో ఎక్కడా కురవని వాన గురించి మాట్లాడితే వాళ్లే. నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయినవారు మాత్రం వేరు. వాళ్లంటే నాకు గౌరవం, కొంచెం కడుపుమంట కూడా. అలాంటి పెద్దమనిషి ఒకాయన, "ఈ కథ చెప్పేవాడు పెళ్లాం పేరు ఒక్కసారైనా పలకలేదేమండీ?" అన్నాడు. 380 పేజీలూ నమిలి మింగిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఇంటికెళ్లి మొదట్నుంచీ వెతికాను. నిజమే, ఎక్కడా లేదు. ఆయన్ని క్షమించడానికి రెండు నెలలు పట్టింది.

ఇక పేజీల గొడవ. "212వ పేజీ తీయండి" అంటాను. అక్కడ ఒకరి ప్రతిలో పెళ్లి జరుగుతుంటుంది, ఇంకొకరి ప్రతిలో ఆ పెళ్లికొడుకు పోయి మూణ్ణెల్లవుతుంది. కిండిల్ తెర మీద చదివే ఆయన "నాకు పేజీల్లేవండీ, 41 శాతం" అంటాడు, జ్వరం చూసుకున్నవాడిలా.

చావంటే గుర్తొచ్చింది. ఒక నవలలో పిల్లాడు పోయిన చోట పుస్తకం మూసేసి చాలాసేపు చీకట్లో కూర్చున్నానని ఒకసారి గొంతు వణుకుతుండగా చెప్పాను. పక్కావిడ నావైపు తిరిగి, "పోతాడా?" అంది. ఆవిడ చూపుడువేలు ఇంకా పుస్తకం మధ్యలోనే ఉంది. ఆ వేలు మెల్లగా బయటికొచ్చింది.

నాలాంటివాళ్లకి శిక్షలుండాలని పెద్దలు ఎప్పుడో గ్రహించారు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన 'జుంటో' అనే చర్చాబృందంలో, ఇదింతే అని తెగేసి చెప్పినా, ఎదుటివారిని ముఖమ్మీదే కాదన్నా చిన్నపాటి జరిమానా. నేనక్కడుంటే ఆ బృందం ఖర్చులన్నీ నా జేబులోంచే నడిచేవి.

అయితే అసలు సిసలు ఆదర్శం కాలిఫోర్నియాలోని వెనిస్‌లో ఉంది. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 17 ఏళ్లు కూర్చుని రాసిన, కొరుకుడుపడని నవల 'ఫినెగన్స్ వేక్'ని ఒక బృందం 1995లో మొదలుపెట్టి 2023లో ముగించింది. 28 ఏళ్లు. నెలకి ఒకటో రెండో పేజీలు. పుస్తకంలో ఆఖరి వాక్యం సగంలో తెగిపోయి మొదటి వాక్యానికి అతుక్కుంటుంది కనక, వాళ్లు ఆ వంకతో మళ్లీ మొదటికి వెళ్లారు. ఆ లెక్కన పూర్తిగా చదివొచ్చి నాలాంటివాడు అల్లరిపెట్టే ప్రమాదమే లేదు.

మా దగ్గర మాత్రం ఒక నెల ఘోరం జరిగింది. 96 పేజీల నవల ఎంచుకున్నాం. అందరూ చదివేశారు, నలభయ్యో పేజీ ఆయనతో సహా. "బాగుంది" అన్నారొకరు. "అవును, బాగుంది" అన్నారింకొకరు. కిండిల్ ఆయన "వంద శాతం" అన్నాడు. పదకొండు నిమిషాలకి అందరం గడియారం వైపు చూశాం.

వచ్చే నెలకి ఎవరో తొమ్మిది వందల పేజీల పుస్తకం పేరు చెప్పారు. అన్ని చేతులూ ఒక్కసారే లేచాయి. నాది కూడా.