విడుపు లేని పథ్యం

మొన్న సంఘం సమావేశంలో నీళ్ళ సీసా మూత ఎంత తిప్పినా రాలేదు. పక్కనున్న ఆవిడ చేతికిచ్చాను. చిటికెలో తీసి ఇస్తూ ఆవిడ నా వేళ్ళ కణుపుల వంక చూసి, "అయ్యో, ఇలా వాచాయేంటి? ఈమధ్య ఏం తిన్నారండీ?" అంది.

కనికరంతోనే అడిగింది, సందేహం లేదు. కానీ నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం వచ్చి 11 ఏళ్ళు. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జలుబు చేసినా, నిద్ర చాలకపోయినా, అసలు ఏ కారణమూ లేకపోయినా తిరగబెట్టే జబ్బు ఇది. అయినా అందరి చూపూ ముందు నా కంచం మీదికే పోతుంది. తినకూడనిది ఏదో తినే ఉంటాను, అదేమిటో నా నోటితో చెప్పించాలి. పలకరించడానికి వచ్చినవాళ్ళు తమకు తెలియకుండానే పోలీసులైపోతారు.

తిండి వల్ల ఏమీ కాదని వాదించడానికి ఇది రాయడం లేదు. తిండి, నడక, నిద్ర, ఈ మూడింటి చుట్టూనే నా రోజు తిరుగుతుంది. వీటిలో ఏది గాడి తప్పినా మర్నాడు పొద్దున్నే కీళ్ళు చెప్పేస్తాయి. వీటికి మనం ఏ పని అప్పగిస్తున్నామన్నదే నా తగువు.

పథ్యం అన్న మాటనే తీసుకోండి. వెనకటికి మందు ఇచ్చినవాళ్ళే పథ్యం కూడా చెప్పేవారు. అది మందు పక్కన నడిచేది, మందుకు బదులు వచ్చేది కాదు. ఇంకొకటి, దానికో విడుపు రోజు ఉండేది. "ఇక పథ్యం మానెయ్యొచ్చు" అన్న మాట కోసం రోగి వేళ్ళు లెక్కపెట్టుకునేవాడు. పది రోజులో, నలభై రోజులో, ఎంత చప్పిడి తిండైనా ఆ రోజును తల్చుకుని మింగేసేవాడు. మధుమేహం, రక్తపోటు, కీళ్ళవాతం లాంటి జబ్బులు ఆ విడుపు రోజును ఎత్తుకుపోయాయి. మిగిలిన మొదటి సంగతిని మనమే చెరిపేశాం. మందుకు తోడుగా ఉండాల్సిన పథ్యాన్ని తీసుకెళ్ళి మందు కుర్చీలో కూర్చోబెట్టాం.

నేనూ ఆ పని చేశాను కాబట్టే చెప్తున్నాను.

జబ్బు పడ్డ మూడో ఏడు. మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు అది (పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికే వస్తుంది, ఇంట్లో ఎవరైనా వాడుతుంటే డబ్బా మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసిపెట్టండి). శుక్రవారం రాత్రి వేసుకుంటే శనివారమంతా వికారం. ఆ శనివారాలతో విసిగిపోయి ఉండగా ఆన్‌లైన్‌లో ఒక ఆహార కార్యక్రమం కంటపడింది. మూడు నెలల్లో మందులు అక్కర్లేకుండా చేస్తామన్నారు. పాలు మానేశాను, గోధుమ మానేశాను, చక్కెర మానేశాను. టమాటా, వంకాయ, బంగాళాదుంప అన్నీ ఒకే జాతి మొక్కలట, అవీ మానేశాను. రెండో వారంలో మాత్ర కూడా మానేశాను. నా రుమటాలజిస్టుకు, అంటే కీళ్ళ డాక్టరుకు, చెప్పలేదు. చెప్తే వద్దంటారని తెలుసు కాబట్టే చెప్పలేదు.

మొదటి నెల అద్భుతం. పొద్దున్న కీళ్ళు పట్టేసి ఉండే సమయం గంటన్నర నుంచి అరగంటకు దిగింది. శనివారాలు తిరిగి నావయ్యాయి. బరువు తగ్గాను. పదిమందికి ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఆ ఫోన్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో నెల చివర కుడి మణికట్టు, రెండు వేళ్ళు వాచి ఎర్రబడ్డాయి. ఎక్స్‌రేలో ఎముకల అంచులు ఎలుక కొరికినట్టు కనిపించాయి. వాపు మందుతో దిగుతుంది, ఎక్కిన కొరుకుడు మాత్రం దిగదు. ఆ సంగతి ఆహార కార్యక్రమం నడిపే మనిషికి చెప్తే, "మధ్యలో ఎక్కడైనా తప్పారా?" అని అడిగింది. తప్పాను. ఒక పిల్లవాడి పుట్టినరోజున కేకు ముక్క తిన్నాను. "చూశారా, అదీ!" అంది. మీరు నవ్వుతారేమో గానీ, ఆ కేకు ముక్కే నా ఎముకను తినేసిందని దాదాపు ఏడాదిపాటు నిజంగా నమ్మాను.

అసలు జరిగిందేమిటో తర్వాత డాక్టరు గారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. మెథోట్రెక్సేట్ పనిచేయడం మొదలుపెట్టడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మానేసినా దాని ప్రభావం మర్నాడే పోదు, కొన్ని వారాలు ఉంటుంది. అంటే ఆ మొదటి నెలలో నన్ను నిలబెట్టింది చాలావరకు నేను మానేసిన మందే. కష్టం దానిది, పేరు పథ్యానిది. దానికితోడు ఇంకో చిక్కుంది. ఇలాంటి జబ్బులు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. మనం కొత్త పథ్యం ఎప్పుడు మొదలుపెడతాం? బాగా ఉన్నప్పుడు కాదు, ఇక భరించలేం అనుకున్నప్పుడు. అంత ఎత్తుకు వెళ్ళిన నొప్పి, ఏం చేసినా చేయకపోయినా కొంత దిగుతుంది. ఆ దిగడం మన పథ్యం ఖాతాలో పడుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అన్న మాట మన వాళ్ళు ఊరికే పుట్టించలేదు.

అలాగని ప్రతి కాకినీ కొట్టిపారేయకూడదు. 1929లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. కీళ్ళవాతం రోగికి పచ్చకామెర్లు వచ్చాయి, వాటితోపాటే నొప్పులు తగ్గాయి. గర్భిణుల్లోనూ ఈ జబ్బు నెమ్మదించడం చూశాడు. ఆయన స్థానంలో ఇవాళ్టి మనిషి ఉంటే సాయంత్రానికల్లా వీడియో పెట్టేసేవాడు. హెంచ్ మాత్రం ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకుంటున్న పదార్థం ఏదో ఉండాలని వెతుకుతూ పోయాడు, ఎన్నో ప్రయత్నించి విఫలమయ్యాడు. చివరికి ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1948 సెప్టెంబరులో మొదటి రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. మంచం దిగడమే కష్టమైన ఆ యువతి కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో వాళ్ళిద్దరికీ, స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త టాడ్యూష్ రైష్‌టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువకాలం వాడితే దానివల్ల వచ్చే కీడు ఏమిటో ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే లోకానికి తెలిసొచ్చింది, అది వేరే కథ. నన్ను కట్టిపడేసేది 1929కీ 1948కీ మధ్య ఉన్న 19 ఏళ్ళు. కాకి వాలడానికీ పండు రాలడానికీ సంబంధం ఉందో లేదో తేల్చడానికి అంత కాలం పట్టింది. మనకేమో మూడు వారాలు చాలు.

ఇంకా చెప్పాలంటే, తిండి అన్ని జబ్బుల్లోనూ ఒకే పని చేయదు. గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బులో తిండే వైద్యం. విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు గోధుమ మీద అనుమానంతో ఉండగా, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరక్కుండా పోయింది. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడ్డారు. ఈ జబ్బుకు ఇవాళ్టికీ గ్లూటెన్ మానడమే చికిత్స. రెండో కొసన, ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 మధుమేహం ఉంది. ఇన్సులిన్ రాకముందు ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు పిల్లలను దాదాపు పస్తులుంచి చావును కొన్ని నెలలో, ఒకటి రెండేళ్ళో వెనక్కి నెట్టేవాడు. అంతకుమించి పథ్యం చేయగలిగింది లేదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి ఇన్సులిన్ ఎక్కించాక గానీ ఆ కథ మారలేదు.

ఈ రెండు కొసల మధ్య ఎక్కడో టైప్ 2 మధుమేహం. అక్కడ తిండి, నడక చాలా చేయగలవు. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, మధుమేహం అంచున ఉన్నవాళ్ళు కొంత బరువు తగ్గి వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేస్తే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. ఇది విన్న మధుమేహ మిత్రులు నా మీద విరుచుకుపడతారు, "చూశావా!" అని. చూశాను. మీ జబ్బులో చూశాను. దాన్ని తెచ్చి నా జబ్బుకు అతికించకండి.

నా జబ్బులో లెక్క ఇంకొంచెం చిన్నది. లంఖణం పరమౌషధం అంటారు కదా, దాన్ని నార్వేలో నిజంగానే పరీక్షించారు. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 53 మంది రోగుల్లో సగం మంది వారం పది రోజులు దాదాపు ఉపవాసం ఉండి, ఆపై ఏడాదిపాటు శాకాహారం తీసుకున్నారు. మిగతా సగం కంటే మెరుగ్గా ఉన్నారు. చిన్న పరిశోధనే, అయినా తీసిపారేయదగింది కాదు. 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అన్ని పరిశోధనలనూ వడగట్టి ఇచ్చిన సలహా మాత్రం చప్పగా ఉంటుంది. వ్యాయామం చేసి తీరమని గట్టిగా చెప్పింది. కూరగాయలు, పళ్ళు, పప్పుధాన్యాలు, ఆలివ్ నూనె, చేపలు ఉండే మధ్యధరా తరహా భోజనం మంచిదని కాస్త మెత్తగా చెప్పింది. ఇతర ప్రత్యేక ఆహార నియమాలనూ, సప్లిమెంట్ల డబ్బాలనూ సిఫారసు చేయలేదు. ఇవన్నీ మందులకు తోడుగానే అంది. తోడుగా! పాత పథ్యం చెప్పిందీ అదేగా.

చప్పటి సలహాను ఎవరూ ఫార్వర్డ్ చేయరు, అదే ఇబ్బంది. మనకు చేరేవి కారంగా ఉన్నవే. అవి ఎవరి చేతిలో పడతాయో పంపేవాళ్ళకు తెలియదు. ఆకుకూరలు బాగా తినండి అన్నది నాకు మంచి మాటే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఆకుకూరలు పెంచేస్తే, వాటిలోని విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. పొద్దున్నే పెద్ద గ్లాసు పళ్ళరసం మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో పొటాషియం పెంచి గుండెకే ఎసరు పెట్టొచ్చు. గ్రేప్‌ఫ్రూట్ రసం కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మాత్రలను ఒంట్లో మోతాదు మించి నిలవ చేస్తుంది. పసుపు కూరలో పసుపే గానీ, గాఢమైన మాత్రలుగా మింగిన కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. ఇవన్నీ "సహజమైనవి, ఏం చేస్తాయిలే" కోవలోవే.

సరే, మరి నేనేం చేస్తున్నాను? పథ్యానికి విడుపు రోజు లేదు కాబట్టి, పథ్యంలోనే విడుపు పెట్టుకున్నాను. పట్టూ విడుపూ రెండూ కలిస్తేనే మాట పూర్తవుతుంది. ఇరవై ఒక్క రోజులు చేయగలనా అని కాదు, ఇంకో ఇరవై ఏళ్ళు చేయగలనా అని అడిగి చూసుకుంటాను. చేయలేననిపిస్తే మొదలే పెట్టను. బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధనలో టైప్ 2 రోగులు కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీలతో గడిపారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. గొప్ప ఫలితం. రెండో ఏడాది చివరికి ఆ సంఖ్య 36 శాతం. నిపుణులు పక్కనుండి నడిపిస్తేనే అంత. నూటికి జారిపోయిన ఆ పది మందిని సోమరులంటారా? దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్ళలో మందులైనా సరిగ్గా వేసుకునేవాళ్ళు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. మాత్ర మింగడానికి అర నిమిషం పడుతుంది. రోజుకు మూడు పూటలా నాలుకతో పోట్లాడటం దానికి ఎన్ని రెట్లు కష్టమో లెక్క వేసుకోండి.

మాత్రకు తిరిగొచ్చాను. వికారం సంగతి డాక్టరుకు చెప్తే, ఆ మందుకు తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ మోతాదు మార్చారు, చాలావరకు పోయింది. నాలుగు నెలలు దాచుకున్న మాటకు అయిదు నిమిషాల్లో జవాబు దొరికింది. పాలు, టమాటా తిరిగి తెచ్చుకున్నాను. నాకు వాటితో పేచీ లేదని ఒక్కొక్కటిగా తిని చూసి తేల్చుకున్నాను. చక్కెర బాగా తగ్గింది, తిరిగి పెరగలేదు. రోజూ నడుస్తాను. నొప్పి ఉన్న రోజున తక్కువ దూరం, అంతే. అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది నిద్ర. ఏ ఫార్వర్డూ దాన్ని పొగడదు, అమ్మడానికి అందులో ఏమీ లేదు కదా. కేకు కూడా తింటాను, ఎవరూ అడగకముందే చెప్తున్నాను.

సంఘం పెద్దలకు ఒక మాట. మన ఆరోగ్య సదస్సుల్లో వేదిక ఎక్కేవాళ్ళు రెండు రకాలు. వైద్యులు, లేదంటే మందులు మానేసి గెలిచినవాళ్ళు. ఆ రెండో రకం వాళ్ళు నిజమే చెప్తుండవచ్చు. కానీ నాలాగా మానేసి వేళ్ళు పాడుచేసుకున్నవాళ్ళు వేదిక మీద కాదు, కింద కుర్చీల్లో ఉంటారు, చేతులు చీర కొంగులో దాచుకుని. వాళ్ళకూ ఒక మైకు ఇవ్వండి. బాగుపడని మనిషి ఎలా బతుకుతోందో, ఏం వండుకుంటోందో, ఏ రోజున ఏమీ వండుకోలేకపోతోందో అదీ విననివ్వండి. ప్రశ్నల సమయంలో "ఏం తిన్నారు?" అని అడిగినా సరే, జవాబు చెప్తాం.

వచ్చే సదస్సుకు వక్తల జాబితా తయారవుతోందని విన్నాను. నా పేరు రాసుకోండి. పొద్దున్న పదకొండు గంటల తర్వాత అయితే మంచిది, అంతకుముందు నా వేళ్ళు మైకు పట్టుకోవు.